గాలి పక్కకి తోస్తుంటే విమానం ముక్కు ఎటు పెట్టాలి? సదిశల లెక్క మొదటి నుంచి చివరిదాకా

ఒడిశాలోని రాయగడలో ప్లస్ టూ పిల్లలకి ఫిజిక్స్ చెబుతుంటాను. ఏటా ఇదే జరుగుతుంది. పడవ, నది లెక్కలు గబగబా చేసేసే పిల్లలు కూడా విమానం, గాలి అనేసరికి పెన్ను ఆపేస్తారు. పైలట్ కోర్సుకి వెళ్దామనుకునేవాళ్లు కూడా ఇదే అడుగుతున్నారు: "సార్, ఇందులో సైన్ ఎప్పుడు, ట్యాన్ ఎప్పుడు?" విడివిడిగా ఎంతమందికని చెప్పను, అందుకే మొత్తం ఒక్కచోట రాస్తున్నాను. పక్కన కాగితం పెట్టుకుని చదవండి, ఊరికే చదివితే ఇది ఎక్కదు.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్ష ఇంగ్లీషులో రాసే పిల్లలకి ఒక సౌకర్యం ఉంది. వెక్టర్‌ని తెలుగులోనూ ఒడియాలోనూ సదిశ అనే అంటారు. దిశతో కూడినది అని పేరులోనే ఉంది. ఈ లెక్కలో పోయే మార్కులన్నీ దాదాపు ఆ దిశ దగ్గరే పోతాయి.

1. ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఏ4 కాగితం, గీతలు లేనిది
- పొడవైన స్కేలు (చిన్న స్కేలుతో 16 సెంటీమీటర్లు రెండుసార్లుగా గీస్తే గీత వంకర పోతుంది)
- జామెట్రీ బాక్సులోని కోణమానిని, వృత్తలేఖిని
- మూడు రంగుల పెన్నులు
- సైన్, కోసైన్ ఉన్న కాలిక్యులేటర్, డిగ్రీల మోడ్‌లో

మూడు రంగులు అలంకారానికి కాదు. మూడు బాణాలూ ఒకే రంగులో గీసినవాళ్లు రెండు నిమిషాల తర్వాత ఏది ఏదో మర్చిపోతారు, ఇది నేను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తున్నాను.

2. మూడు బాణాలు, వాటి పేర్లు

విమానం నేల మీద నడవదు, గాలిలో ఈదుతుంది. ఆ గాలి కూడా కదులుతూ ఉంటుంది. కాబట్టి నేల మీద నిలబడి చూసేవాడికి కనిపించే కదలిక ఈ రెండూ కలిస్తే వచ్చినది.

మొదటి బాణం గాలిలో విమానం కదలిక. దీని దిశ హెడింగ్, అంటే ముక్కు ఎటు ఉందో అటు. దీని పొడవు ఎయిర్‌స్పీడ్.

రెండోది గాలి కదలిక. ఎటు వీస్తోంది, ఎంత స్పీడుతో.

మూడోది నేల మీద కదలిక. దీని దిశ ట్రాక్, అంటే మ్యాప్ మీద విమానం గీసే దారి. దీని పొడవు గ్రౌండ్ స్పీడ్.

మొదటిది, రెండోది కలిపితే మూడోది. ఎప్పుడూ ఇంతే. హెడింగ్ జత ఎయిర్‌స్పీడ్, ట్రాక్ జత గ్రౌండ్ స్పీడ్. ఈ జతలు మార్చి కట్టారా, తర్వాత చేసే త్రికోణమితి ఎంత బాగున్నా జవాబు తప్పే.

కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసే ఉంటారు. చేట భుజం ఎత్తుకి లేపి, అంచు కొంచెం వంచి వదులుతుంటే గింజలు దాదాపు చేట కిందే కుప్పపడతాయి, తాలు మాత్రం గాలివాటున పోయి అవతల పడుతుంది. గాలి రెండింటికీ ఒక్కటే. గింజ వేగంగా దిగుతుంది కాబట్టి దాని దారి కొంచెమే ఒరుగుతుంది, తాలు నెమ్మదిగా దిగుతుంది కాబట్టి బాగా ఒరుగుతుంది. విమానాలూ అంతే. పక్క నుంచి 25 నాట్స్ (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు, 1.852 కిలోమీటర్లు) గాలి వీస్తే పెద్ద జెట్‌ని అది రెండు మూడు డిగ్రీలే పక్కకి లాగుతుంది, తొమ్మిది సీట్ల చిన్న విమానాన్ని ఎనిమిది తొమ్మిది డిగ్రీలు లాగేస్తుంది. గాలి ఎంత అన్నది ఒక్కటే చూస్తే చాలదు, విమానం స్పీడుతో పోలిస్తే ఎంత అన్నది చూడాలి.

3. గాలి దిశ చదవడం: ఎక్కువమంది పడిపోయే చోటు

దిశలన్నీ ఉత్తరాన్ని సున్నాగా పెట్టుకుని, గడియారం ముళ్లు తిరిగే వైపు డిగ్రీల్లో కొలుస్తారు. విమానయానంలో గాలి దిశ అంటే గాలి ఎటు నుంచి వస్తోందో ఆ దిశ. 300 డిగ్రీలు, 25 నాట్స్ అంటే వాయవ్యం వైపు నుంచి వచ్చి, సరిగ్గా ఎదుటి వైపుకి, అంటే 180 డిగ్రీల తేడాతో 120 డిగ్రీల వైపు పోతోంది అని అర్థం. బాణం 120 వైపు గీయాలి.

ఇందులో కొత్తగా బట్టీ పట్టాల్సింది ఏమీ లేదు. మనం పడమటి గాలి అంటే పడమర నుంచి వచ్చే గాలి అనే కదా. మన మాట, పైలట్ మాట ఒకటే. అయితే హెడింగ్, ట్రాక్ మాత్రం ఎటు వైపు వెళ్తున్నామో చెబుతాయి. ఒకే లెక్కలో రెండు రకాలూ ఉంటాయి, అదీ చిక్కు.

కొన్ని ఫిజిక్స్ ప్రశ్నల్లో గాలి తూర్పు వైపు వీస్తోందని సూటిగా ఇస్తారు. అప్పుడు 180 కలపక్కర్లేదు. ప్రశ్న రెండుసార్లు చదివి "నుంచి"నో "వైపు"నో కింద గీత గీయండి. నేను వాడిన ఒక కోచింగ్ మెటీరియల్‌లో జవాబు కూడా తిరగేసి అచ్చైంది, పిల్లలు వారం రోజులు తమదే తప్పనుకున్నారు. అందుకని జవాబు పట్టీ కంటే మీ బొమ్మని నమ్మండి.

ఇంకో చిన్న విషయం. రాతలో వచ్చే వాతావరణ సమాచారంలో గాలి దిశని నిజ ఉత్తరం (భూమి ఉత్తర ధ్రువం ఉన్న వైపు) నుంచి ఇస్తారు. విమానాశ్రయం టవర్ నుంచి మాటల్లో చెప్పేది దిక్సూచి చూపే ఉత్తరం నుంచి. మన ప్రాంతంలో ఈ రెండింటికీ తేడా చాలా తక్కువ కాబట్టి ఈ లెక్కల్లో పట్టించుకోవక్కర్లేదు, తేడా ఎక్కువున్న దేశాల్లో మాత్రం తప్పకుండా సరిచేయాలి.

4. ఏ రకం లెక్కో ముందు తేల్చండి

రెండు రకాలు. రెండూ ఒకే అంకెలతో చూపిస్తాను, తేడా కంటికి కనబడుతుంది. విమానం ఎయిర్‌స్పీడ్ గంటకి 240 కిలోమీటర్లు, పడమటి గాలి గంటకి 100 కిలోమీటర్లు.

మొదటి రకం: ముక్కు సూటిగా ఉత్తరానికి పెట్టారు. విమానం ఎటు పోతుంది?

ఇక్కడ 240, 100 లంబకోణం చేసే రెండు భుజాలు. కర్ణం 260. కోణం: ట్యాన్ విలువ 100/240, అంటే 22.6 డిగ్రీలు. విమానం ఉత్తరం నుంచి తూర్పుకి 22.6 డిగ్రీలు ఒరిగి, గంటకి 260 కిలోమీటర్లతో పోతుంది.

రెండో రకం: విమానం సూటిగా ఉత్తరానికే పోవాలి. ముక్కు ఎటు పెట్టాలి?

ఇప్పుడు 240 కర్ణం అయింది. సైన్ విలువ 100/240, అంటే 24.6 డిగ్రీలు పడమర వైపు. గ్రౌండ్ స్పీడ్: 240 వర్గం లోంచి 100 వర్గం తీసేసి వర్గమూలం, సుమారు 218.

చూశారా, 22.6 కాదు, 24.6. 260 కాదు, 218. మొదటి రకం చేసి, వచ్చిన కోణాన్నే అటు నుంచి ఇటు తిప్పేస్తే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. సరిపోదు. ముక్కు తిప్పగానే త్రిభుజమే మారిపోతుంది.

గాలి సరిగ్గా అడ్డంగా ఉన్నప్పుడు సైన్, ట్యాన్ ప్రశ్నకి జవాబు ఇదే: ముక్కు దిశ ఇచ్చి దారి అడిగితే ట్యాన్, దారి ఇచ్చి ముక్కు అడిగితే సైన్.

5. కాగితం మీద గీసి తేల్చడం

కొరాపుట్ జిల్లా జయపురం నుంచి భువనేశ్వర్ వెళ్లాలనుకుందాం. సూటి దారి సుమారు 200 నాటికల్ మైళ్లు, అంటే 370 కిలోమీటర్ల పైచిలుకు. ట్రాక్ సుమారు 066 డిగ్రీలు (66 డిగ్రీలే, దిశని మూడు అంకెలతో రాస్తారు). చిన్న విమానం ఎయిర్‌స్పీడ్ 160 నాట్స్ అనుకుందాం. గాలి 300 డిగ్రీల నుంచి 25 నాట్స్. స్పీడు, గాలి నేను లెక్క కోసం పెట్టుకున్నవి, దూరం, దిశ మ్యాప్‌లోవి.

1 సెంటీమీటరుకి 10 నాట్స్ స్కేలు పెట్టుకోండి.

1. కాగితం ఎడమ వైపు కింద ఒక చుక్క పెట్టండి, అది అ. అక్కడి నుంచి పైకి సన్నగా ఉత్తరం గీత గీయండి.
2. ఉత్తరం నుంచి గడియారం ముళ్లు తిరిగే వైపు 66 డిగ్రీలు కొలిచి, పొడుగ్గా ఒక గీత గీయండి. ఇది ట్రాక్. ఎంత పొడవన్నది ఇంకా తెలియదు, బాణం తల పెట్టొద్దు.
3. అ నుంచే 120 డిగ్రీల వైపు 2.5 సెంటీమీటర్ల బాణం గీయండి. ఇది గాలి. దాని కొసకి ‘ఆ’ అని పేరు పెట్టండి.
4. వృత్తలేఖినిని 16 సెంటీమీటర్లకి తెరిచి, ముల్లు ‘ఆ’ చుక్క మీద గుచ్చి, ట్రాక్ గీతని కోసేలా చాపం గీయండి. కోసిన చోటు ఇ. వృత్తలేఖిని అంత తెరుచుకోకపోతే స్కేలు సున్నాని ‘ఆ’ చుక్క మీద పెట్టి, 16 గుర్తు ట్రాక్ గీతని తాకేదాకా స్కేలుని తిప్పండి.
5. ‘ఆ’ నుంచి ‘ఇ’కి బాణం గీయండి. దాని దిశే హెడింగ్. దాదాపు 59 డిగ్రీలు వస్తుంది.
6. అ నుంచి ఇ పొడవు కొలవండి. 17.3 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది, అంటే గ్రౌండ్ స్పీడ్ 173 నాట్స్.

నాలుగో మెట్టు దగ్గర ఆగి చూసుకోండి. వృత్తలేఖిని ముల్లు అ మీద గుచ్చితే 160ని ట్రాక్ మీద కొలిచినట్టవుతుంది, అంటే ఎయిర్‌స్పీడ్‌ని గ్రౌండ్ స్పీడ్ అనుకున్నట్టు. నేను దిద్దే పేపర్లలో ఎక్కువగా కనబడే తప్పు ఇది.

6. అదే లెక్క అంకెలతో

ముందు గాలికీ ట్రాక్‌కీ మధ్య కోణం. ట్రాక్ ఉత్తరానికి 66 డిగ్రీలు కుడివైపు. గాలి వచ్చే దిశ 300, అంటే ఉత్తరానికి 60 డిగ్రీలు ఎడమవైపు. మొత్తం 126 డిగ్రీలు, ట్రాక్‌కి ఎడమ పక్కన.

అడ్డగాలి: 25 × సైన్ 126 = 20.2 నాట్స్, ఎడమ నుంచి.

ఎదురుగాలి: 25 × కోసైన్ 126 = −14.7. రుణ గుర్తు వచ్చిందంటే అది ఎదురుగాలి కాదు, వెనక నుంచి 14.7 నాట్స్ తోస్తోంది.

తిప్పాల్సిన కోణం: సైన్ విలువ 20.2/160, అంటే 7.2 డిగ్రీలకి కొంచెం పైన. గాలి ఎడమ నుంచి, కాబట్టి ముక్కు ఎడమకి. 66 నుంచి 7 తీసేస్తే హెడింగ్ 059.

గ్రౌండ్ స్పీడ్: 160 × కోసైన్ 7.2 = 158.7. దానికి 14.7 కలిపితే 173.4 నాట్స్.

సమయం: 200 ÷ 173.4 = 1.15 గంటలు, 69 నిమిషాలు.

ముక్కు 066 మీదే ఉంచేస్తే ఏమయ్యేది? ట్రాక్ వెంబడి స్పీడు 174.7, పక్కకి 20.2. భువనేశ్వర్ రావాల్సిన సమయానికి విమానం 23 నాటికల్ మైళ్లు, అంటే 43 కిలోమీటర్లు కుడిపక్కకి పోయి ఉంటుంది. మ్యాప్ మీద పెట్టి చూడండి, పూరీకీ కోణార్క్‌కీ మధ్య సముద్రపు ఒడ్డు దగ్గర తేలుతారు. ఏడు డిగ్రీలే కదా అని వదిలేయకూడదని పిల్లలకి చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు.

7. సరిచూసుకునే పద్ధతి

వచ్చిన జవాబుని ఉత్తరం, తూర్పు భాగాలుగా విడగొట్టి మళ్లీ కలపండి. ఇక్కడ కోణం ఉత్తరం నుంచి కొలుస్తున్నాం కాబట్టి ఉత్తర భాగానికి కోసైన్, తూర్పు భాగానికి సైన్. లెక్కల క్లాసులో ఎక్స్ అక్షం నుంచి కొలిచే అలవాటుతో ఇవి తారుమారు చేయొద్దు.

- విమానం, 059 వైపు 160: ఉత్తరం 82.4, తూర్పు 137.1
- గాలి, 120 వైపు 25: ఉత్తరం −12.5, తూర్పు 21.7
- మొత్తం: ఉత్తరం 69.9, తూర్పు 158.8

ఈ మొత్తం పొడవు 173.5. దిశ: ట్యాన్ విలువ 158.8/69.9, అంటే 66.2 డిగ్రీలు. మనకి కావాల్సింది 66. సరిపోయింది.

ఇంత టైము లేనప్పుడు కనీసం ఈ నాలుగూ చూడండి:

- ముక్కు గాలి వచ్చే వైపు తిరిగిందా?
- గాలి ముందు నుంచి వస్తే గ్రౌండ్ స్పీడ్ తగ్గిందా, బాగా వెనక నుంచి వస్తే పెరిగిందా?
- గ్రౌండ్ స్పీడ్ 160−25కీ 160+25కీ మధ్యనే ఉందా? 135 నుంచి 185 దాటి బయటకి పోవడం అసాధ్యం.
- నాట్స్‌తో గంటకి కిలోమీటర్లు కలపలేదు కదా? 1 నాట్ అంటే గంటకి 1.852 కిలోమీటర్లు.

8. తిరుగు ప్రయాణం విడిగా వేయాలి

వెళ్లేటప్పుడు కలిసొచ్చిన గాలి, వచ్చేటప్పుడు అంతే ఆపుతుంది కాబట్టి మొత్తం మీద సరికి సరి అనుకుంటారు. కాదు. భువనేశ్వర్ నుంచి జయపురానికి ట్రాక్ 246. అదే గాలి ఇప్పుడు కుడి ముందు నుంచి, 54 డిగ్రీల కోణంలో వస్తుంది. ముక్కు 7 డిగ్రీలు కుడికి, హెడింగ్ 253. గ్రౌండ్ స్పీడ్ 158.7 − 14.7 = 144. సమయం 83 నిమిషాలు.

రాను పోను 152 నిమిషాలు. గాలే లేకపోతే 150. నెమ్మదిగా వెళ్లే వైపు ఎక్కువ సేపు గడుపుతాం కాబట్టి నష్టం ఎక్కువ, లాభం తక్కువ. గాలి స్థిరంగా వీస్తున్నంతసేపు, ఏ వైపు నుంచి వీచినా రానుపోను కలిపితే ఆలస్యమే. ఇంధనం లెక్కలో ఇది వదిలేస్తే ప్రమాదం.

9. ఇంకొన్ని తప్పులు, వాటిని సరిచేయడం

నేల మీది గాలి వాడటం. రన్‌వే దగ్గర వీచే గాలి టేకాఫ్, ల్యాండింగ్‌కి. ప్రయాణం లెక్కకి మీరు ఎగిరే ఎత్తులో గాలి కావాలి. ఎత్తుతో పాటు స్పీడూ దిశా రెండూ మారతాయి. దారి పొడవైతే ముక్కలు చేసి, ఏ ముక్కకి ఆ గాలి పెట్టి వేరే త్రిభుజం గీయండి.

మీటరు మీద కనిపించే స్పీడు వాడటం. పైకి వెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది, మీటరు తక్కువ చూపిస్తుంది. త్రిభుజంలో పెట్టాల్సింది ఎత్తుకీ ఉష్ణోగ్రతకీ సరిచేసిన నిజమైన ఎయిర్‌స్పీడ్.

కోణాన్ని 180 దాటించడం. 300 లోంచి 66 తీసేస్తే 234 వస్తుంది. దాంతో చేసినా గుర్తులు సరిగ్గా చూసుకుంటే జవాబు వస్తుంది, కానీ ఎడమా కుడా అన్నది తికమక. 180 దాటితే 360 లోంచి తీసేయండి, బొమ్మ చూసి పక్క తేల్చుకోండి.

జవాబే రాకపోవడం. కాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తే అడ్డగాలి ఎయిర్‌స్పీడ్ కంటే ఎక్కువైందేమో చూడండి. అప్పుడు ముక్కు ఎటు తిప్పినా ఆ దారి మీద నిలవడం సాధ్యం కాదు, త్రిభుజం మూసుకోదు.

10. కాగితం లేకుండా, తలలోనే

గాలి స్పీడుని 60తో గుణించి ఎయిర్‌స్పీడ్‌తో భాగించండి. మన లెక్కలో 25 × 60 ÷ 160, సుమారు 9 డిగ్రీలు. సరిగ్గా అడ్డంగా వీస్తే తిప్పాల్సింది అంత. గాలి కోణం 30 అయితే అందులో సగం, 45 అయితే ముప్పావు, 60 దాటితే మొత్తం. కోణం 90 దాటితే 180 లోంచి తీసేసి చూడండి: 126 అంటే 54. ముప్పావుకీ మొత్తానికీ మధ్య, అంటే 8. అసలు జవాబు 7. తలలో వేసినదానికి ఇది చాలు.

11. అంతా వేశాక కూడా దారి తప్పితే

అంచనా వేసిన గాలే పైన ఉంటుందని నమ్మకం లేదు. కాబట్టి నేల మీద గుర్తులు చూస్తూ వెళ్లాలి. ఈ దారిలో మంచి గుర్తు మా ఊరే. జయపురం నుంచి 52 నాటికల్ మైళ్లు వెళ్లేసరికి, నాగావళి ఒడ్డున రాయగడ, ట్రాక్‌కి కుడిపక్కన సుమారు 4 నాటికల్ మైళ్ల దూరంలో ఉంటుంది. గాలిని సరిగ్గా లెక్కలోకి తీసుకుంటే ఊరు కుడి కిటికీలో కనబడుతుంది. ముక్కు 066 మీదే వదిలేస్తే అప్పటికే విమానం 6 మైళ్లు కుడికి జరిగి ఉంటుంది, అప్పుడు రాయగడ ఎడమ కిటికీలో కనబడుతుంది.

అలా కనబడితే ఏం చేయాలి?

1. ఎంత జరిగామో, ఎంత దూరం వచ్చామో చూడండి: 52 మైళ్లలో 6.
2. 60 మైళ్లకి 1 మైలు జరిగితే 1 డిగ్రీ. కాబట్టి 6 × 60 ÷ 52, సుమారు 7 డిగ్రీలు. ఇంత ఎడమకి తిప్పితే ఇక కొత్తగా పక్కకి జరగం, కానీ పాత 6 మైళ్లు అలాగే ఉంటాయి.
3. మిగిలిన 148 మైళ్లలో ఆ 6 మైళ్లు పూడ్చాలి: 6 × 60 ÷ 148, ఇంకో రెండున్నర డిగ్రీలు.
4. మొత్తం తొమ్మిదిన్నర డిగ్రీలు ఎడమకి. కొత్త హెడింగ్ 056 లేదా 057.

రెండో మెట్టుతో ఆగిపోయేవాళ్లు అసలు దారికి సమాంతరంగా పోతూనే ఉంటారు. మూడోది మర్చిపోవద్దు.

12. మీరే వేయాల్సినది

జయపురం నుంచి విశాఖపట్నం: 80 నాటికల్ మైళ్లు, ట్రాక్ 151. విమానం అదే, గాలీ అదే. రాను, పోను రెండూ వేయండి, వేశాకే కింద చూడండి.

వెళ్లేటప్పుడు అడ్డగాలి 12.9, కుడి వెనక నుంచి. హెడింగ్ 156, గ్రౌండ్ స్పీడ్ 181, సమయం ఇరవై ఆరున్నర నిమిషాలు. వచ్చేటప్పుడు ట్రాక్ 331, హెడింగ్ 326, గ్రౌండ్ స్పీడ్ 138, సమయం 35 నిమిషాలు. మీకు వెళ్లేటప్పుడు హెడింగ్ 146 వచ్చిందంటే కోణం సరిగ్గానే కట్టారు, పక్క తప్పింది. మళ్లీ మూడో భాగానికి వెళ్లి గాలి బాణం గీసుకుని రండి.